ఆరో స్టెప్పు, రెండో గడి

ఆఫీసులో అందరూ ఆమెను తప్పులక్క అంటారు. ఎదురుగా కాదు లెండి, అంత ధైర్యం ఎవరికుంది! వెనకాల. ఆమెకి ఆ సంగతి తెలుసు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి నోరు జారి, "తప్పులక్కా, ఈ పేజీ ఒకసారి చూస్తారా" అనేసి నాలిక్కరుచుకుంది. "అక్క అనకు. నీకూ నాకూ ఏమంత తేడా ఉందని?" అందామె. తప్పులు అన్నమాట మీద మాత్రం ఆమెకి ఏ అభ్యంతరమూ లేదు.

ఆమెకున్న జబ్బు ఒకటే. ఎక్కడైనా 'ఇలా చేయండి' అని రాసి ఉంటే, నిజంగా అలా చేస్తే అవుతుందో లేదో చూడందే ప్రాణం కుదుటపడదు. లిఫ్టులో 'తలుపు తెరుచుకోకపోతే ఎర్ర బటన్ నొక్కండి' అని బోర్డు ఉంటే, ముందు ఆ బటన్ ఎర్రగా ఉందా లేదా అని చూస్తుంది. ఒక బిల్డింగులో అది పచ్చగా ఉంది. ఇంకేముంది, వాచ్‌మన్‌ని పట్టుకుని వాయించేసింది. "లోపల ఇరుక్కున్నవాడు ఎర్ర బటన్ కోసం గోడలన్నీ తడుముకోవాలా?" అని. పాపం ఆ వాచ్‌మన్‌కి లిఫ్టు ఎక్కే అలవాటు కూడా లేదు. ఆమె భర్తది కళ్ళద్దాల షాపు. అద్దాలతో పాటు ఆయన ఇచ్చే చీటీలో 'మెత్తటి గుడ్డతో తుడవండి' అని ఉంటుంది. "తడి గుడ్డా, పొడి గుడ్డా?" అని ఆమె నిలదీసింది. "ఇంతవరకూ ఎవరూ అడగలేదే!" అన్నాడాయన. "అడగరు. గీతలు పడ్డాక వచ్చి కొత్తవి కొనుక్కుంటారు. మీకేం, హాయి!" అంది. ఆ సాయంత్రమే ఆయన చీటీలు మళ్ళీ అచ్చు వేయించుకున్నాడు. ఇంట్లో గొడవ ఎవరు పడతారండీ.

ఇలాంటి మనిషికి సరిగ్గా ఇలాంటి ఉద్యోగమే దొరికింది. వాళ్ళ కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఒకే పెద్ద కంప్యూటర్‌ని లోపల్లోపల పది కంప్యూటర్లుగా నడిపిస్తుంది. ఒక ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు. సామాను పెట్టుకునే కొట్టుగది మాత్రం ఆ ఇంట్లో ఉండదు. అది వేరే పెట్టెలో, నెట్‌వర్క్ కేబుల్‌కి అవతలి చివర ఉంటుంది. దాన్నే స్టోరేజ్ అంటారు. ఫైళ్ళు, ఫోటోలు, రికార్డులు అన్నీ అందులోనే. ఆ కొట్టుగదిని ఇంటికి ఎలా కలపాలి, ఇంకో ఇల్లు కట్టుకుంటే దాన్ని కూడా అదే కొట్టుగదికి ఎలా కలపాలి, ఏ సెట్టింగు ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకుంటే కొంప మునుగుతుంది అని చెప్పే మాన్యువల్ ఒకటి వెబ్‌సైట్లో ఉంటుంది. దాని ఆలనాపాలనా తప్పులక్కది.

ఆ ఆఫీసు పద్ధతులు రెండు ముందే చెప్పేయాలి. స్క్రీన్ మీద గడుల పక్కన ఉండే మాటలు మాన్యువల్‌లో రాయకూడదని అక్కడ రూలు. సాఫ్ట్‌వేర్ బోలెడు భాషల్లో అమ్ముడవుతుంది, ప్రతి భాషలోనూ ఆ మాటలు మాటిమాటికీ మారుతుంటాయి, వాటి వెంట ఎక్కడని పరిగెడతాం? అందుకని 'పైనుంచి రెండో గడిలో టిక్ పెట్టండి' అని చోటు చెప్పి ఊరుకుంటారు. మాట మారినా చోటు మారదు కదా అని వాళ్ళ నమ్మకం. చేరిన కొత్తలో తప్పులక్క దీని మీద ఒంటికాలి మీద లేచింది. తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత తనే కొత్తవాళ్ళకి నేర్పించింది. మనుషులం అంతే కదా.

ఇక పేజీలో తప్పు దొరికితే దిద్దడమంతా చడీచప్పుడు లేకుండా జరిగిపోవాలి. 'ఇదివరకు ఇలా ఉండేది, ఇప్పుడు మార్చాం' అని ఎక్కడా రాయరు. పాత పేజీ ఉన్న చోటే కొత్త పేజీ వచ్చి కూర్చుంటుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఇస్త్రీ. "ఆ పేజీకి ఇస్త్రీ అయిందా?" "ఆఁ, ఒక్క మడత కనపడదు." ఇలా ఉంటాయి వాళ్ళ మాటలు. ఇస్త్రీ చేయడంలో తప్పులక్కని మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఆమెకి ఒక్కడే తమ్ముడు. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. పనితనం బాగానే ఉండేది గానీ, చెయ్యి ఊరుకునేది కాదు. ఫ్యాన్ తిరగడం లేదని ఇస్తే అది తిరిగేలా చేసి ఇచ్చెయ్యొచ్చు కదా? ఉహుఁ. ఇంకాస్త జోరుగా తిరిగితే బాగుంటుందని లోపల ఏదో మార్చేవాడు. అది కాస్తా మూలపడేది. షాపు మూతపడింది. ఆ తర్వాత వాడు ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏం అడిగినా, "నాకేం తెలుసక్కా, నేనేం చేసినా పాడవుతుంది" అనేవాడు. వాడి నోట ఆ మాట వినడం ఆమెకి నరకంగా ఉండేది.

అప్పుడు తప్పులక్క వాణ్ణి చెవి పట్టుకుని లాక్కొచ్చి తన ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టింది. పాత కంప్యూటర్ ఒకటి వాడి ముందు పెట్టి, తన మాన్యువల్ తెరిచి చూపించింది. "ఒరేయ్, నీ సొంత తెలివి మూటగట్టి అటక మీద పెట్టు. పేజీలో ఏముందో చదువు. చదివింది చదివినట్టు చెయ్యి. అంతకు మించి వేలు కదపకు. అర్థమైందా?" అంది. వాడికి అదే బాగా పట్టుబడింది. ఒక్కో స్టెప్పూ వేలితో చూపించుకుంటూ చేసేవాడు. చేసింది చేసినట్టు పనిచేస్తుంటే వాడి మొహంలో మళ్ళీ కళ వచ్చింది. చివరికి ఒక స్కానింగ్ సెంటర్లో సర్వర్లు చూసుకునే పని దొరికింది. ఇంకా ట్రయల్ మీదే ఉన్నాడు. అయినా చొక్కా జేబుకి బ్యాడ్జి తగిలించుకుని అద్దంలో రెండుసార్లు చూసుకునేవాడని మరదలు నవ్వుతూ చెప్పింది.

ఆ రోజు పొద్దున ఆఫీసుకి బస్సులో వెళ్తుండగా వాడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇవాళ రెండో మిషన్ కలుపుతున్నా. ఉన్న స్టోరేజ్‌కే. మేనేజరు గారు ఇది సరిగ్గా అయితే పర్మనెంట్ చేస్తానన్నారు."

"భయంగా ఉందా?"

"ఎందుకుంటుంది? పేజీ నువ్వు రాసిందేగా."

"పేజీ చూసి చెయ్యి. బుర్ర వాడావో, వచ్చి చెవి మెలిపెడతా," అంది ఆమె నవ్వుతూ. వాడూ నవ్వాడు.

బస్సు దిగాక కూడా ఆమె మనసు తమ్ముడి మీదే ఉంది. ఆఫీసులో కూర్చుంది, లేచింది, నీళ్ళు తాగింది, మళ్ళీ కూర్చుంది. కిటికీ పరదా ఒకసారి జరిపింది, ఒకసారి మూసింది. పక్క సీటులో ఉన్న అమ్మాయి, "ఏమైంది మేడం, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు?" అంది. "ఏం లేదు, నీ పని నువ్వు చూసుకో" అని కసిరింది. కసిరినందుకు బాధపడి ఒక బిస్కెట్టు ఇచ్చింది.

ఊరికే కూర్చోలేక, ఈమధ్యే బయటికి వదిలిన కొత్త వెర్షన్ తెరిచి ఏదో వేరే పేజీ కోసం స్క్రీన్లు చూసుకుంటూ పోయింది. అలా చూస్తూ చూస్తూ, స్టోరేజ్ కలిపే స్క్రీన్ దగ్గర ఆగిపోయింది.

పాత వెర్షన్లో అక్కడ రెండే గడులు ఉండేవి. పైది, ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చెయ్యి. కిందది, ఉన్నది ఉన్నట్టు ఉంచి వాడుకో. అందుకే ఆమె పేజీలో ఆరో స్టెప్పు 'పైనుంచి రెండో గడిలో టిక్ పెట్టండి' అని ఉంది. ఏడో స్టెప్పు, 'ఒక హెచ్చరిక వస్తుంది, సరే నొక్కండి' అని. పాత వెర్షన్లో ఆ హెచ్చరిక ఉత్తుత్తిదే. ఇప్పుడు కొత్త స్క్రీన్లో అన్నిటికన్నా పైన, రెండు కేబుళ్ళ మీదుగా కలుపు అని ఇంకో గడి వచ్చి కూర్చుంది. మిగతావి ఒక్కో మెట్టు కిందికి దిగాయి. అంటే రెండో గడి ఇప్పుడు ఖాళీ చేసేది. పేజీ చెప్పినట్టు చేస్తే కొట్టుగది మొత్తం ఊడ్చిపెట్టుకుపోతుంది. ఆపైన హెచ్చరిక వస్తే సరే నొక్కమని కూడా తనే చెబుతోంది!

వెంటనే ఫోన్ అందుకుంది.

తమ్ముడు ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మిషన్లుండే గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని వాడు చెప్పడం గుర్తొచ్చింది. స్కానింగ్ సెంటర్‌కి చేసింది. రిసెప్షన్ అమ్మాయి, "సార్ లోపలున్నారండీ, డిస్టర్బ్ చేయొద్దన్నారు" అంది. "తల్లీ, నేను వాళ్ళ అక్కని. ఆ పని ఆపమని చెప్పు. ఒక్క మాట చాలు, ఆపమను." "చెప్తానండీ" అందా అమ్మాయి. ఆ గొంతు వింటేనే తెలుస్తోంది, చెప్పదు.

స్క్రీన్లు గీసే కుర్రాడు అటుగా పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇక్కడ గడి కలిపావా?"

"కలిపానండీ. ఏం, బాలేదా?"

"కలిపినట్టు మాకెందుకు చెప్పలేదు?"

"ఉన్నవేవీ తీసెయ్యలేదు కదండీ! తీసేస్తే చెప్తాం. కలిపితే ఏముంది?" అన్నాడు వాడు, నిజంగానే అర్థంకాక. వాణ్ణి తిట్టీ లాభం లేదు. గడి చోటు మారితే మనిషి కొంప మునుగుతుందని వాడికి ఎవరు చెప్పారు గనక?

పై అధికారిని అక్కడ పెద్ద మేడం అంటారు. నెమ్మదస్తురాలు. కోపం వస్తే ఆవిడ గొంతు ఇంకా తగ్గుతుంది. తప్పులక్క చెప్పిందంతా విని, "ఇస్త్రీ చేసెయ్. ఇప్పుడే" అంది.

అదే చేసింది తప్పులక్క. ఆ పేజీ చూసి పని చేసేవాళ్ళు లోకంలో తమ్ముడొక్కడే కాదు కదా. ఎక్కడెక్కడో ఎందరో తెరిచి పెట్టుకుని ఉంటారు. వాడింకా మొదలుపెట్టి ఉండకపోతే, పేజీ తెరిచేసరికి సరైన మాటే కనబడుతుంది. రూలు గీలు గాలికొదిలేసి, గడి పక్కనుండే మాటలు ఉన్నవి ఉన్నట్టే రాసింది. 'ఉన్నది ఉన్నట్టు ఉంచి వాడుకో అన్న గడిలో టిక్ పెట్టండి. ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చెయ్యి అన్న గడిని ముట్టుకోవద్దు.' హెచ్చరిక మాట తీసేసి, 'ఏదైనా హెచ్చరిక వస్తే ఆగండి, పూర్తిగా చదవండి' అని పెట్టింది. చదివితే ఎంత బాగా కుదిరిందో అనిపించింది. ఆ కంగారులో కూడా ఒక్క క్షణం మురిసిపోయింది. బటన్ నొక్కింది. పాత పేజీ పోయి కొత్తది వచ్చింది. ఒక్క మడత లేదు.

ఊపిరి పీల్చుకుందో లేదో, ఫోన్ మోగింది.

"అక్కా." వాడి గొంతు వాడిది కాదు. "అక్కా, అంతా పోయింది."

"ఏం పోయింది? ఎప్పుడు మొదలుపెట్టావు?"

"పొద్దున్నే కానిచ్చెయ్ అన్నారు మేనేజరు గారు, రద్దీ కాకముందే. కలిపాను. చూస్తే ఏమీ లేదు. స్కాన్లు లేవు, పేర్లు లేవు. ఏదో పాడుచేశానక్కా. మళ్ళీ ఏదో పాడుచేశాను."

"ఎక్కడికీ కదలకు. వస్తున్నా" అని ల్యాప్‌టాప్ సంచిలో కుక్కుకుంది. పెద్ద మేడంతో రెండు ముక్కలు చెప్పి పరుగు లాంటి నడకతో బయటపడింది. లిఫ్టు రాకపోతే మెట్లు దిగింది. ఆటో దొరికింది గానీ అది నత్తనడక నడుస్తోంది. "బాబూ, కాస్త తొందరగా పోనివ్వరాదూ" అంటే, "మీద నుంచి ఎగిరి పోవాలా అమ్మా?" అన్నాడు ఆటోవాడు, ముందున్న బళ్ళ బారు చూపిస్తూ. ఆమె సంచి జిప్పు తీసింది, వేసింది, తీసింది. చివరికి అది ఊడి చేతికొచ్చింది.

దారిలో పెద్ద మేడం ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"మీ తమ్ముడి సంగతి వింటే నిజంగా బాధగా ఉంది. కానీ ఒక మాట విను. పేజీ ఇప్పుడు సరిగ్గానే ఉంది. నిన్నెవరైనా అడిగితే ఆ ఒక్క మాట మీద నిలబడు. పాత పేజీ ఊసెత్తకు."

"మేడం, వాడు పేజీలో ఉన్నట్టే చేశాడు."

"నాకు తెలుసు. నీకు తెలుసు. బయటికి తెలిస్తే ఆ ఒక్క సెంటర్‌తో ఆగుతుందా? ఎవరెవరో వచ్చి మీద పడతారు. నీ ఉద్యోగం, నా ఉద్యోగం, ఆ గడి గీసిన కుర్రాడి ఉద్యోగం."

"మరి మా వాడి ఉద్యోగం?"

"వాడికి ఇంకోటి చూద్దాం. నేనే ఎవరితోనైనా చెప్తాను, సరేనా?"

ఆవిడ మంచికే చెబుతోంది. ఇంకోటి చూద్దామంటే చూస్తుంది కూడా. తప్పులక్క ఇల్లు సగం నడిచేది ఆ ఉద్యోగం మీదే. కళ్ళద్దాల షాపుతో ఎన్నాళ్ళని నెట్టుకొస్తారు? "సరే మేడం" అనలేదు, "కాదు" అనీ అనలేదు.

స్కానింగ్ సెంటర్ హాలు కిటకిటలాడుతోంది. ఒళ్ళో పెద్ద పెద్ద కవర్లు పెట్టుకుని జనం కూర్చున్నారు. రిసెప్షన్ అమ్మాయి ఒక్కొక్కరికీ అదే పాట పాడుతోంది, "సిస్టం పనిచేయడం లేదండీ." ఒక పెద్దావిడ వదలడం లేదు. "నిన్ననే తీశారు కదమ్మా. మళ్ళీ ఎందుకు తియ్యాలి? ఆ గొట్టంలో పడుకోవాలంటే నాకు ప్రాణం పోతుంది తల్లీ." ఆ మాట చెవిన పడగానే తప్పులక్క తల దించుకుని లోపలికి నడిచింది.

లోపలి గదిలో మేనేజరు కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పాత బ్యాకప్ ఒకటి ఉందట, అది పెడుతున్నారు. కానీ ఈ వారం తీసిన స్కాన్లు మాత్రం పోయినట్టే. పక్కన తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్క్రీన్ మీద ఆమె పేజీ తెరిచి ఉంది.

"మీరు ఈయన అక్కగారా? రండమ్మా, మీరైనా చదవండి," అన్నాడు మేనేజరు. "ఇక్కడ ఏం రాసుంది? ఉన్నది ఉన్నట్టు ఉంచి వాడుకో అన్న గడిలో టిక్ పెట్టండి. ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చెయ్యి అన్న గడిని ముట్టుకోవద్దు. హెచ్చరిక వస్తే ఆగండి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశారు కదండీ పాపం! ఇంత స్పష్టంగా రాస్తే కూడా చూడకుండా టిక్ పెడతారా ఎవరైనా?"

ఆ వాక్యం ఎప్పుడు రాసిందో, రాసి ఎలా మురిసిపోయిందో తప్పులక్కకే తెలుసు. దిద్దుతున్నంతసేపూ తమ్ముణ్ణి కాపాడుతున్నాననే అనుకుంది. వాడి పక్షాన చెప్పడానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తన చేత్తో తుడిచేస్తున్నానని తట్టనే లేదు.

"పేజీలో వేరేలా ఉందని ఇందాక అన్నాడండీ," అన్నాడు మేనేజరు. "సరే, చూపించు అన్నాను. మళ్ళీ తెరిచి చూస్తే ఇదిగో. ఇప్పుడేమంటున్నాడో వినండి."

తమ్ముడు ఆమెకేసి చూడలేదు. "నేనే సరిగ్గా చదవలేదు సార్" అన్నాడు.

ఆమె వాడి మోచెయ్యి పట్టుకుని బయటి వసారాలోకి లాక్కొచ్చింది. వాడు గోడకి ఆనుకున్నాడు.

"రెండో గడి అని ఉన్నట్టు గుర్తక్కా. కళ్ళారా చూశాననుకున్నా. అక్కడ అసలు ఆ మాటే లేదు. లేనిది ఉన్నట్టు ఎలా చదివాను? నాకేమైనా పిచ్చా?" వాడు కళ్ళు నులుముకున్నాడు. "అనుమానం కూడా వచ్చిందక్కా. గడి పక్కన ఖాళీ చేసి అని ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నా. హెచ్చరిక వచ్చినప్పుడు లేచి నిలబడ్డా కూడా. ఆపేద్దామనుకున్నా."

"మరి ఎందుకు ఆపలేదురా?"

"నువ్వు రాసింది కదా అనుకున్నా."

బుర్ర వాడొద్దని వాడికి చెప్పింది ఎవరు? తనే. వాడి బుర్ర ఇవాళ సరిగ్గా పనిచేసింది. తన మాట నమ్మి, దాని నోరు వాడే మూసేశాడు. ఇప్పుడు తన కళ్ళనే తను నమ్మలేని స్థితికి వచ్చాడు. ఇంకో ఉద్యోగం చూద్దామట! తను చదివిందే నిజమో కాదో తెలియని మనిషికి ఏ ఉద్యోగం చూసి ఏం లాభం?

ఆమె వాణ్ణి తీసుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళింది.

"మేనేజరు గారూ, వీడు చదివింది నిజమే. పొద్దున పేజీలో రెండో గడి అనే ఉంది. హెచ్చరిక వస్తే సరే నొక్కమనీ ఉంది. ఆ పేజీ నాది. తప్పు చూసుకుని ఇందాకే మార్చాను. మీరు చదివింది మార్చిన పేజీ."

మేనేజరు జాలిగా తల ఊపాడు. "తోడబుట్టినవాడండీ. ఎవరైనా అలాగే అంటారు. నేనైనా అంటాను."

"నిజమండీ!"

"అయితే పాత పేజీ చూపించండి."

"ఆఫీసు లోపల ఉంటుంది, ఇక్కణ్ణుంచి తెరుచుకోదు. బయటికివ్వాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోరు."

"మరింకేం" అని ఆయన చేతులు విప్పాడు. వెక్కిరింపు కాదు, ఆయనకి నిజంగానే ఇంకేం చెయ్యాలో తెలియదు. "అక్కా, వద్దులే" అన్నాడు తమ్ముడు. వాడు కూడా నమ్మడం లేదు! తనని కాపాడ్డానికి అక్క అబద్ధమాడుతోందని అనుకుంటున్నాడు. అది చూసేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో చెప్పలేం. తన మీద, ఇస్త్రీ మీద, చక్కగా కుదిరిన ఆ వాక్యం మీద.

సంచిలోంచి ల్యాప్‌టాప్ లాగి బల్ల మీద పెట్టింది. లాగిన్ అయింది. పేజీ తెరిచి, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో టైపు చేయడం మొదలుపెట్టింది. ఇద్దరూ వెనక నిలబడి చూస్తున్నారు. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దలేదు.

'ఈ పేజీలో ఇవాళ పొద్దుటి దాకా ఆరో స్టెప్పు తప్పుగా ఉంది. రెండో గడిలో టిక్ పెట్టమని చెప్పాం. కొత్త వెర్షన్లో అలా చేస్తే స్టోరేజ్‌లో ఉన్నదంతా పోతుంది. ఏడో స్టెప్పు కూడా తప్పే. దీన్ని చదివి చేసి నష్టపోయినవాళ్ళు సరిగ్గానే చదివారు, సరిగ్గానే చేశారు. తప్పు పేజీది.'

బటన్ నొక్కింది. "ఇప్పుడు మీ కంప్యూటర్లో తెరవండి" అంది మేనేజరుతో.

ఆయన తన కుర్చీలో కూర్చుని పేజీ మళ్ళీ తెరిచాడు. ఆ ఆరు వాక్యాలూ అక్కడ ఉన్నాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

"ఇది మీ కంపెనీ ఉంచుతుందా?"

"ఉంచదండీ. సాయంత్రంలోగా తీసేస్తారు. నన్ను కూడా. తొందరగా ప్రింటు తీసుకోండి."

బల్ల మీద ఆమె ఫోన్ మోగడం మొదలుపెట్టింది. పెద్ద మేడం. అది గిర్రున తిరుగుతూ మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. తప్పులక్క దానికేసి చూసింది గానీ చెయ్యి చాపలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకుంది. భయం వేస్తోంది, మామూలు భయం కాదు. ఇంటికెళ్ళి ఆయనకి ఏం చెప్పాలి?

ప్రింటర్ కాగితం బయటికి తోసింది. మేనేజరు దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పోయిన స్కాన్లు ఎలాగూ రావని గొణుక్కున్నాడు. తర్వాత తమ్ముడితో, "అలా గుంజలా నిలబడితే ఎలాగయ్యా? ఈ వారం వచ్చినవాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలి. బయట ఆ పెద్దావిడతో ముందు మాట్లాడు, పద" అన్నాడు బొంగురు గొంతుతో.

తమ్ముడు కదల్లేదు. స్క్రీన్ దగ్గరికి వచ్చి, ఆ ఆరు వాక్యాల మీదా వేలు పెట్టి, ఒక్కో మాటే చదువుకుంటూ పోయాడు. చివరికంటా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చాడు.

"అక్కా."

"చెప్పరా."

"రెండో గడి అనే ఉందా?"

"ఉందిరా. నేనే రాశాను."

"అంటే నేను సరిగ్గానే చదివాను."

"సరిగ్గానే చదివావు. అనుమానం కూడా సరిగ్గానే వచ్చింది నీకు. నా మాట వినకుండా ఉండాల్సింది."

వాడు అక్క భుజం మీద తల పెట్టి, మేనేజరు చూస్తున్నాడని కూడా లేకుండా, భోరుమని ఏడ్చాడు.